హాస్టల్లో ఫోన్ పోయింది, రూమ్‌మేట్ మీద అనుమానం: సమాధానం

గుంటూరు హాస్టల్లో ఫోన్ చార్జింగ్‌కి పెట్టి, తలుపు దగ్గరగా వేసి స్నానానికి వెళ్లానన్నారు. అప్పుడే పోయి ఉంటుంది, వరండాలో వెళ్లేవాళ్లెవరైనా తీయొచ్చు. రూమ్‌మేట్ బ్యాగు మాత్రం వెతకొద్దు. మేం ఒకసారి పర్సు పోయిందని మా రూమ్‌మేట్ బ్యాగు వెతికాం. పర్సు మంచం కింద దొరికింది. ఆ అబ్బాయి ఏడాదంతా మాతో మాట్లాడలేదు.

1. సిమ్, యూపీఐ వెంటనే బ్లాక్ చేయించండి.

2. వార్డెన్‌కి చెప్తే సరిపోదు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి కాపీ తీసుకోండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకుని, సీఈఐఆర్ పోర్టల్లో (పోయిన ఫోన్లను బ్లాక్ చేసే ప్రభుత్వ వెబ్‌సైట్) ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబరు, బ్లాక్ చేయండి. ఆ 15 అంకెలు ఫోన్ పెట్టె స్టిక్కర్ మీద ఉంటాయి. రెండు సిమ్‌ల ఫోనైతే రెండు ఐఎంఈఐ నంబర్లూ ఇవ్వండి. కొత్త సిమ్‌కి ఓటీపీ రావడానికి 24 గంటలు పట్టొచ్చు, టెన్షన్ పడకండి.

ఫోన్ దొరికితే ఆ పోర్టల్లోనే అన్‌బ్లాక్ చేసుకోవచ్చు.