పసరు వాంతి సంగతి కేస్ షీట్‌లో ఉందా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. ప్రైవేటు ఆసుపత్రిలో బాబు పుట్టాడు. రెండో రోజు పసరు వాంతులు మొదలైతే నర్సు ‘పాలు అరగడం లేదులే’ అంది. మూడో రోజు డిశ్చార్జి చేశారు. ఐదో రోజు నెల్లూరు తీసుకెళ్తే పేగు మూసుకుపోయిందన్నారు. చెన్నైలో ఆపరేషన్ అయింది. డౌన్ సిండ్రోమ్ అని కూడా అక్కడే తెలిసి కుమిలిపోయాం. వచ్చే నెలకు బాబుకు రెండేళ్లు. పోలీసు కేసు పెడితే డాక్టరు దారికొస్తాడని మా బావ అంటున్నాడు.
– ఒక తండ్రి

జవాబు: చిన్నపేగు మొదట్లోనే మూసుకుపోవడం పుట్టుకతో వచ్చే లోపం. ఆ లోపంతో పుట్టిన పిల్లల్లో సుమారు మూడో వంతు మందికి డౌన్ సిండ్రోమ్ ఉంటుంది. రెండూ డాక్టరు తెచ్చిపెట్టినవి కావు. మీ కేసంతా ఒక్క ప్రశ్న మీదే నిలుస్తుంది: పసరు వాంతి చేసుకున్న పసిబిడ్డను పొట్ట ఎక్స్‌రే కూడా తీయకుండా ఇంటికి ఎలా పంపారు? పుట్టిన బిడ్డ పసరు కక్కితే, కాదని తేలేదాకా పేగు అడ్డంకిగానే చూడాలి. ఈ లోపమైతే ఎక్స్‌రేలో రెండు గాలి బుడగలు కనబడతాయి.

మీరు వాంతి సంగతి చెప్పినట్టు రుజువేది? నర్సు నోట్స్‌లో ఉండాలి. రెండేళ్లవుతున్నా కేస్ షీట్ అడగలేదంటే అది మీ అజాగ్రత్తే. ఆసుపత్రి రికార్డు మూడేళ్లు దాచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. ఈరోజే రాతపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకోండి. కాన్పుకు ముందు స్కానింగుల్లో ఉమ్మనీరు ఎక్కువుందని రాశారేమో చూడండి. ఉంటే పేగు అడ్డంకి ఉండొచ్చని వాళ్లకు ముందే హెచ్చరిక ఉన్నట్టే.

ఇంకో చిక్కుంది. ఆపరేషన్ ఎలాగూ తప్పేది కాదని అవతలి వకీలు అంటాడు. ఆలస్యం వల్ల బిడ్డకు అదనంగా జరిగిన చెరుపేమిటో మీరు చూపాలి. ఒంట్లో నీరు ఇంకిపోయిందని, వాంతి ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందని నెల్లూరు అడ్మిషన్ నోట్‌లో ఉంటే అదే మీ బలం. పిల్లల సర్జన్ అభిప్రాయం కూడా తీసుకోండి.

బావగారి మాట వినకండి. డాక్టరుపై క్రిమినల్ కేసుకు ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని, ముందు నిష్పాక్షిక వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలని 2005లో జాకబ్ మాథ్యూ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు స్టేషన్ చుట్టూ తిరిగినంత మాత్రాన, నష్టపరిహారం కోసం వేయాల్సిన వినియోగదారుల కేసు గడువు ఆగదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం ఆ గడువు రెండేళ్లే. దాటితే తగిన కారణం చూపాలి. బాధలో ఉండి వేయలేదంటే ఒప్పుకుంటారన్న భరోసా లేదు.

కాబట్టి ఈ నెలలోనే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. ఆసుపత్రికి కట్టింది ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. బిడ్డ తల్లి దరఖాస్తు చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. మహిళలకు ఆదాయ పరిమితి లేదు. కేస్ షీట్ ఇవ్వకపోతే మీరు అడిగిన కాగితం నకలు జతచేసి, దాన్ని తెప్పించమని కమిషన్‌నే కోరండి.