బండల మీద జాకీ నిలుస్తుందా? సైలెన్సర్ మార్పుపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది అనంతపురం. 2016 మోడల్ స్విఫ్ట్ పెట్రోలు బండి ఉంది. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా) వెనక నుంచి చివరిదాకా మార్చే స్టెయిన్‌లెస్ స్టీలు పైపు, సైలెన్సర్ సెట్టు తెప్పించాను. ఇంటి ముందర నేనే బిగించుకోవాలని ఉంది. వాకిలంతా తాడిపత్రి బండలు పరిచి ఉన్నాయి. జాకీ పెడితే తట్టుకుంటాయా? ఏమేం కావాలి? పవర్ ఎంత పెరుగుతుంది?

జవాబు: బండల గురించి ముందే అడిగారు, సంతోషం. ఈ పనిలో ప్రాణం మీదికి వచ్చేది జాకీ దగ్గరే. తాడిపత్రి బండైనా, కడప బండైనా, బేతంచెర్ల బండైనా సున్నపురాయే. కింద ఇసుక సమంగా కూర్చుని ఉంటే బరువు మోస్తుంది. ఎక్కడైనా డొల్ల ఉంటే మాత్రం జాకీ కాలు మోపినచోట పటుక్కున పగులుతుంది. సుత్తి పిడితో బండ నలుమూలలా తట్టి చూడండి. బోలు శబ్దం వచ్చిన బండను వదిలేయండి. గట్టి బండ మీద కూడా అడుగు పొడవు, అడుగు వెడల్పున్న 18 ఎంఎం ప్లైవుడ్ ముక్క వేసి, దాని మీదే స్టాండు నిలపండి.

బండితో వచ్చిన జాకీ టైరు మార్చడానికే. దాన్ని నమ్మి కిందకు దూరొద్దు. రెండు టన్నుల జాకీ స్టాండ్లు ఒక జత కొనుక్కోండి, లేదా మీకు తెలిసిన గ్యారేజీలో అడిగి తెచ్చుకోండి. సిమెంటు ఇటుకలు, రాళ్లు పేర్చి దాని మీద బండి నిలపడం అసలు వద్దు. ఇటుక ముందుగా ఏ సూచనా ఇవ్వదు, ఒక్కసారిగా పొడి అయిపోతుంది.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. వెనక భాగం పైకెత్తితే హ్యాండ్‌బ్రేక్ ఎందుకూ పనికిరాదు, అది పట్టుకునే వెనక చక్రాలు గాల్లో ఉంటాయి. మీది ముందు చక్రాల మీద నడిచే బండి కాబట్టి మొదటి గేరులో ఉంచి, ముందు చక్రాలకు రెండువైపులా దిమ్మెలు పెట్టండి. డోర్ల కింద అంచులో జాకీ కోసం గాట్లు గుర్తుగా ఉంటాయి, ఎత్తాల్సింది అక్కడే. స్టాండ్ల మీద నిలిచాక బండిని చేత్తో గట్టిగా ఊపండి. కదలకుంటేనే కిందకు వెళ్లండి. మీరు కింద ఉన్నంతసేపూ ఇంట్లో ఇంకొకరు దగ్గర ఉండాలి.

ఇక పనిముట్లు. సాకెట్ సెట్టు, 12, 14 ఎంఎం రింగు పానాలు, తుప్పు వదిలించే స్ప్రే, వైరు బ్రష్షు, ఎమరీ కాగితం, కొత్త ప్యాకింగులు, కొత్త నట్లు, కాపర్ గ్రీజు. కళ్లద్దాలు తప్పనిసరి, కింద పడుకుని పైకి చూస్తూ పని చేసేటప్పుడు తుప్పు నేరుగా కళ్లలోకి రాలుతుంది. మన వైపు వానలు తక్కువ, కోస్తా బండ్లంత తుప్పు ఉండదు. అయినా వేడికి కాగి చల్లారి నట్లు కరుచుకుపోతాయి. అందుకని ముందురోజు రాత్రే స్ప్రే కొట్టి వదిలేయండి. తెల్లారాక ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. నట్టును ముందు ఇసుమంత బిగించి, ఆ తర్వాత వదులు చేస్తే మర తెగకుండా వస్తుంది.

పైపును వేలాడదీసే హ్యాంగర్ రబ్బర్లు ఊడదీయడానికి సబ్బునీళ్లు వాడండి. డీజిలు, ఆయిలు పూస్తే రబ్బరు ఉబ్బి కొన్నాళ్లకే సాగిపోతుంది. చివరి రబ్బరు తీసేముందు సైలెన్సర్ కింద రెండో జాకీయో, తాడో ఆసరా ఉంచండి. బరువంతా ముందున్న ముడతల పైపు మీద పడితే లోపలి జల్లెడ చిరుగుతుంది. ఆ ముక్క మార్చాలంటే మీ కొత్త సెట్టు కొన్న ఆనందమంతా ఆవిరవుతుంది.

కొన్ని బండ్లలో పాత పైపు వెనక బీము (రెండు వెనక చక్రాలను కలిపే దూలం) పైనుంచి ఒకే ముక్కగా పోతుంది, కోయకుండా బయటికి రాదు. కోయాల్సివస్తే చేతి రంపంతోనే కోయండి. పక్కనే పెట్రోలు ట్యాంకు ఉంటుంది, గ్రైండరు నిప్పురవ్వలు అక్కడ ఎగరకూడదు. తిన్నగా ఉన్నచోట కోసి, ముందువైపు కనీసం 50 ఎంఎం తిన్నటి పైపు మిగల్చండి. రేపు పాతది మళ్లీ పెట్టుకోవాలంటే క్లాంపు పట్టడానికి ఆ చోటు కావాలి.

బిగించే వరుస ముఖ్యం. ఫ్లాంజి (రెండు పైపులు బోల్టులతో కలిసేచోటి పళ్లెం) ముఖాలను ఎమరీతో శుభ్రం చేసి కొత్త ప్యాకింగు వేయండి. పాత ప్యాకింగు ఒకసారి నలిగాక మళ్లీ కూర్చోదు. ముందునుంచి వెనక్కి ముక్కలన్నీ వదులుగా తగిలించండి, ఏ నట్టూ పూర్తిగా బిగించొద్దు. అంతా వేలాడాక కిందనుంచి చూసి సర్దండి. బ్రేకు పైపు, పెట్రోలు పైపు, హ్యాండ్‌బ్రేక్ కేబులు, బాడీ, దేనికైనా కనీసం 20 ఎంఎం సందు ఉండాలి. 304 రకం స్టీలు రెండు మీటర్ల పైపు 300 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 10 ఎంఎం పొడవు పెరుగుతుంది. ముందు కొస ఇంజిన్‌కు కట్టి ఉంది కాబట్టి ఆ పెరుగుదలంతా వెనక్కి వస్తుంది. కాబట్టి చల్లగా ఉన్నప్పుడు రబ్బర్లు కొద్దిగా ముందుకు వాలి ఉండాలి, వేడెక్కాక నిటారుగా నిలుస్తాయి. బంపరు దగ్గర కూడా ఆ మేరకు సందు వదలండి, లేకుంటే ప్లాస్టిక్ కమురుతుంది.

సర్దుబాటు సరిపోయాక ముందు ఫ్లాంజి నుంచి మొదలుపెట్టి వెనక్కి బిగించుకుంటూ రండి. టార్కు (బిగింపు బలం) ఎంతో మీ బండి మాన్యువల్ చెప్పిందే ప్రమాణం. మామూలుగా 8 ఎంఎం మరకు 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు సరిపోతుంది. స్ప్రింగు బోల్టులున్న జాయింటయితే బోల్టు భుజం ఆనేదాకా తిప్పి ఆపండి. స్ప్రింగు పూర్తిగా అణిగేలా బిగిస్తే ఆ జాయింటు కదలదు, పైపు పగులుతుంది.

లీకు చూడడానికి చల్లటి ఇంజిన్ స్టార్టు చేసి, ఒకరు తడిపిన మందపాటి గుడ్డను కొస దగ్గర ఐదారు సెకన్లు అడ్డం పెట్టాలి. ఎక్కడ లీకు ఉంటే అక్కడ ‘ఉస్’ మంటుంది. అనుమానమున్న జాయింటు మీద సబ్బునీళ్లు చల్లితే బుడగలొస్తాయి. పది పదిహేను నిమిషాలు కొద్దిగా పొగ, వాసన రావడం సహజం, చేతి జిడ్డూ ఆయిలూ కాలిపోతుంటాయి. 100 కిలోమీటర్లు తిరిగాక, చల్లారాక, నట్లన్నీ మళ్లీ ఒకసారి బిగించి చూడండి.

పవర్ సంగతి ఉన్నదున్నట్టు చెబుతాం. టర్బో లేని 1.2 లీటర్ ఇంజిన్‌లో వెనక సగం పైపు మారిస్తే పెరిగేది రెండు మూడు హార్స్‌పవర్ దాటదు. అనంతపురం నుంచి బెంగళూరు దాకా తోలినా ఆ తేడా మీ కాలికి తెలియదు. బరువు తగ్గుతుంది, తుప్పు పట్టదు, గొంతు కొంచెం గంభీరంగా వస్తుంది. వీటికోసమే అయితే పెట్టుకోండి.

ప్రశ్న: కడప నుంచి రాస్తున్నా. లోపల అడ్డుపలకలు లేని స్పోర్ట్స్ సైలెన్సర్ వేయించి నెల అయింది. మధ్యలో ఉన్న చిన్న డబ్బా తీసేశారు. ఊర్లో బాగానే ఉంది. కర్నూలు రోడ్డెక్కి తొంభైలో పోతుంటే లోపల గుయ్యిమని ఒకటే మోత, గంటసేపటికి తల దిమ్మెక్కుతోంది. స్పీడ్ బ్రేకరు దిగేటప్పుడు వెనక ‘ఠంగు’ మంటోంది. నలుగురు ఎక్కితేనే వస్తుంది.

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు.

మోత సంగతి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 3000 ఆర్‌పీఎంలో సెకనుకు వందసార్లు పేలుతుంది, అంటే 100 హెర్ట్జ్. మూడు సిలిండర్లదైతే 75. ఈ బొంగురు ధ్వనికి కారు లోపలి గాలి కూడా కలిసి ఊగుతుంది, అదే మీ చెవుల్లో గుయ్యిమంటున్నది. చిల్లుల గొట్టం చుట్టూ గాజుఊలు కూరిన సైలెన్సర్ కీచుధ్వనిని బాగా పీల్చుకుంటుంది, బొంగురు ధ్వని మాత్రం దాన్ని దాటుకుని వచ్చేస్తుంది. మధ్యలో మీరు తీయించిన ఆ చిన్న డబ్బా, రెజొనేటర్, ఉన్నదే దానికోసం. దాన్ని మళ్లీ అతికించండి. మోత చాలావరకు అక్కడే పోవాలి. కొందరు పక్కకు మూసిన కొస ఉన్న గొట్టం వెల్డింగు చేయించమంటారు. లెక్క సరైనదే. కాకపోతే 100 హెర్ట్జ్‌కు ఆ గొట్టం మీటరు పైచిలుకు పొడవుండాలి, చిన్న కారు కింద అంత చోటు దొరకదు. ఒకవేళ బండి మీదే వెల్డింగు చేయిస్తే ముందు బ్యాటరీ టెర్మినల్ తీయించండి, కంప్యూటరు కాలిపోగలదు.

పైపు వ్యాసం కూడా కొలవండి. 1.2 లీటర్ ఇంజిన్‌కు 38 నుంచి 45 ఎంఎం చాలు. రెండున్నర అంగుళాల పైపు వేస్తే పొగ వేగం తగ్గి, కింది ఆర్‌పీఎంలో లాగుడు మందగిస్తుంది, మోత మిగులుతుంది.

‘ఠంగు’ శబ్దానికి కారణం కొలిచిన తీరే. బండిని స్టాండ్ల మీద ఎత్తినప్పుడు వెనక బీము కిందికి వేలాడుతుంది, పైపుకూ దానికీ మధ్య బోలెడు సందు కనిపిస్తుంది. నలుగురు కూర్చుంటే బీము పైకొచ్చి పైపును కొడుతుంది. చక్రాలు నేల మీదుండగా, వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి, పక్కనుంచి టార్చి వేసి చూడండి. తగిలినచోట పైపు మీద మెరిసే గీత పడి ఉంటుంది. అక్కడ హ్యాంగరు కడ్డీ వంచో, పైపు వంపు మార్పించో సందు చేయాలి. రబ్బరు బదులు గట్టి బుష్ వేసి బిగదీయడం మందు కాదు, అదిరేదంతా బాడీలోకి ఎక్కుతుంది.

ప్రశ్న: పత్తికొండ దగ్గర పల్లె మాది. పైపు మార్చాక కింద వేడి ఆపే రేకు గలగలమంటుంటే మెకానిక్ పీకేశాడు. ఏమైనా ఇబ్బందా?

జవాబు: వెంటనే తిరిగి పెట్టించండి. మీ వైపు కోతల తర్వాత కంది కట్టె, కొర్ర, జొన్న రోడ్ల మీద పరుస్తారు, దాని మీదుగానే తోలాలి. ఎండుగడ్డి యాక్సిల్‌కు చుట్టుకుని, వందల డిగ్రీల వేడి మీదున్న కన్వర్టర్‌కు తగిలితే అంటుకుంటుంది. గలగల ఆగాలంటే, రేకు బోల్టు రంధ్రం తుప్పుకు పెద్దదైనచోట వెడల్పు వాషరు వేయండి. అప్పటికీ ఆగకుంటే పెద్ద స్టీలు హోసు క్లిప్పు చుట్టి బిగించండి. ఇరవై నిమిషాల పని. కుప్ప మీదుగా వెళ్లాక బండి ఆపి, కింద ఇరుక్కున్న గడ్డి లాగేసే అలవాటు కూడా చేసుకోండి.

ప్రశ్న: కర్నూలులో ఉంటాం. బీఎస్6 బండికి కన్వర్టర్ తీయించి నేరుగా పైపు వేయించాను. ఇంజిన్ లైటు వెలిగింది, కోడు పీ0420. సెన్సర్‌కు ఏదో గొట్టం తొడిగితే లైటు పోతుందంటున్నారు. పోలీసులు పట్టుకుంటారా?

జవాబు: ఆ గొట్టం మేం చెప్పం. కన్వర్టర్ వెనక ఉన్న రెండో ఆక్సిజన్ సెన్సర్ కన్వర్టర్ పని చేస్తున్నదో లేదో చూస్తుంది. కన్వర్టరే లేదు కాబట్టి నిజమే చెబుతోంది. దాని నోరు మూయించినంత మాత్రాన కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఆగదు. దానికి రంగూ వాసనా లేవు. జాయింటు లీకైనా, డిక్కీ రబ్బరు పాతబడినా లోపలికి చేరుతుంది, వెనక సీట్లో నిద్రపోయే పిల్లలకు ముందు తగులుతుంది. దయచేసి కన్వర్టర్ తిరిగి పెట్టించండి. పాతది మెకానిక్ దగ్గరే ఉంటే అడిగి తీసుకోండి. స్క్రాపు వాళ్లు వాటిని కొనేది అందులోని ప్లాటినం, పల్లేడియం, రోడియం కోసం, కాబట్టి ఆలస్యం చేయొద్దు.

చట్టం మాటకొస్తే, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్దేశాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో సెక్షన్ 182ఎ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శబ్ద, వాయు కాలుష్యానికి సెక్షన్ 190(2) కింద మొదటిసారి 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. పొల్యూషన్ పరీక్షలో పెట్రోలు కారు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. కన్వర్టర్ లేని బండికి అది గట్టెక్కడం కష్టం.

తిరిగి పెట్టేటప్పుడు సెన్సర్‌ను 22 ఎంఎం గాటున్న సాకెట్‌తో, ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు తీయండి. మర మీద మాత్రమే కాపర్ గ్రీజు పూయండి, కొసకు అంటనీయొద్దు. సుమారు 40 న్యూటన్ మీటర్లు బిగింపు చాలు. సిలికాన్ పేస్టు సెన్సర్ ముందు జాయింట్లలో వాడొద్దు, ఆ ఆవిరి సెన్సర్‌ను పాడుచేస్తుంది.

ప్రశ్న: ‘304’ అని చెప్పి అమ్మిన పైపు నిజమైనదేనా? అయస్కాంతం పెడితే అంటుకోలేదు.

జవాబు: అంటుకోనంత మాత్రాన 304 అనుకోవద్దు. నికెలు తక్కువుండే 201 రకం కూడా అంటుకోదు, రేటు మాత్రం చాలా తక్కువ. అయస్కాంతం అంటుకుంటే 409 రకమో, మామూలు ఉక్కో అయ్యుండొచ్చు. 409 చెడ్డదేమీ కాదు, కంపెనీలు సైలెన్సర్లకు వాడేది అలాంటిదే. తేడా తెలియాలంటే బిల్లులో గ్రేడు రాయించుకోండి. గ్రేడు పరీక్షించే రసాయన చుక్కల కిట్లు దొరుకుతాయి. వెల్డింగు అతుకు లోపలివైపు వేలు పెట్టి చూడండి. నల్లగా గరుకుగా పొక్కులుంటే లోపల ఆర్గాన్ వాయువు నింపకుండా అతికారని అర్థం, తుప్పు అక్కడినుంచే మొదలవుతుంది. వాడాక పైపు బంగారు, నీలి రంగుకు తిరిగితే కంగారు పడకండి, అది వేడికి వచ్చే రంగు.