ఇంటర్ మార్కులా, నీటా? బీడీఎస్ కావాలంటే ఏది పట్టుకోవాలి?

చెల్లీ, నువ్వు రాసింది మొత్తం చదివాను. బైపీసీ సెకండియర్, సఖినేటిపల్లి నుంచి రోజూ పంటు (మనుషుల్ని, బండ్లని దాటించే పెద్ద పడవ) మీద గోదావరి దాటి నరసాపురం కాలేజీకి వెళ్లొస్తున్నావు, నాన్నగారు ఇంటర్లో వెయ్యికి 950 దాటాలంటున్నారు, నీకేమో బీడీఎస్ (పళ్ల డాక్టరు కోర్సు) సీటు కావాలి. ఫిజిక్స్ వదిలేస్తే ఎలా ఉంటుంది, ఎంసెట్‌కి (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్) వేరే కోచింగ్ కావాలా అని అడిగావు. నేనూ ఆ రేవు దాటి చదువుకున్నదాన్నే, ఇప్పుడు హౌస్ సర్జన్సీలో ఉన్నాను.

ముందు నాన్నగారికి ఇది చూపించు. బీడీఎస్ సీటు ఇచ్చేది నీట్ ర్యాంకు ఒక్కటే, ఇంటర్ మార్కులు అందులో కలవవు. ఇంటర్ నుంచి అడిగేదల్లా ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 50 శాతం (ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40), ఇంగ్లిష్ పాసవడం. విజయవాడ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో నీకు 960 వచ్చాయా 780 వచ్చాయా అని పట్టించుకునేవాళ్లు ఉండరు. నాన్నగారిని తప్పుపట్టడం లేదు, ఊళ్లో ఫ్లెక్సీ కట్టేది ఇంటర్ మార్కులకే కదా, పెద్దవాళ్లకి కనిపించేది అదే.

అలాగని ఇంటర్‌ని గాలికొదిలెయ్యక్కర్లేదు. సబ్జెక్టు ఒకటే, రాసే పద్ధతే వేరు. నేను డిసెంబర్ దాకా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే చదివాను, తెలుగు అకాడమీ పుస్తకంలోని పెద్ద ప్రశ్నల జోలికి సంక్రాంతి తర్వాతే వెళ్లాను. మా బ్యాచ్‌కి బోటనీ పేపర్ 60 మార్కులకుండేది, అందులో ఎనిమిది మార్కుల వ్యాసాలు రెండే, మిగతావి రెండు మార్కులవీ నాలుగు మార్కులవీ. ఎన్‌సీఈఆర్‌టీ లైను లైనూ చదివినవాళ్లకి ఆ చిన్న ప్రశ్నలు దాదాపు వచ్చేసేవి, బొమ్మ వేసి భాగాలు గుర్తిస్తే చాలు. బోర్డు కోసం విడిగా పడాల్సిన కష్టం మనం భయపడినంత ఉండదు. సంస్కృతం, ఇంగ్లిష్ పరీక్షల ముందు చూసుకో. సంక్రాంతికి మాత్రం ఇంటినిండా చుట్టాలు, బయట పందేల హడావుడి, ఆ వారం ఏదో చదివేస్తానని టైంటేబుల్ వేసుకోకు.

ఫిజిక్స్ సంగతి. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. బయాలజీ 90 ప్రశ్నలు, ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45. ఫిజిక్స్ వదిలేశావంటే 720కి కాదు, 540కే రాస్తున్నావన్నమాట. నీతో పోటీపడేవాళ్లందరికీ బయాలజీ బాగానే వస్తుంది, కాబట్టి ర్యాంకు తేలేది ఎక్కువగా ఇక్కడే. మొత్తం పుస్తకం నెత్తినేసుకోకు. సెమీకండక్టర్లు, కరెంట్ ఎలక్ట్రిసిటీ, రే ఆప్టిక్స్, అణువు-కేంద్రకం చాప్టర్లు గట్టిగా పట్టు, రొటేషనల్ మోషన్ ఎంతకీ ఎక్కకపోతే పక్కన పెట్టెయ్, ఏం మునిగిపోదు. మాతో చదివినవాళ్లలో చాలామందికి మార్కులు పోయింది ఫార్ములా రాక కాదు. మిల్లీయాంపియర్లని యాంపియర్లలోకి మార్చకుండా లెక్క చేసేస్తారు, అలా వచ్చే తప్పు జవాబు ఆప్షన్లలో సిద్ధంగా ఉంటుంది, హమ్మయ్య వచ్చేసిందనుకుని దిద్దేస్తారు. పైగా తప్పుకి ఒక మార్కు కోత.

పంటు మీద బైకుల మధ్య నిలబడి లెక్కలు చెయ్యలేవు, ఆ టైము బయాలజీకి ఇచ్చెయ్, లెక్కలు ఇంట్లో బల్ల దగ్గరే. ఇంకో మాట, ఎర్రనీరు వచ్చి పంటు ఆపేస్తే క్లాసులు పోతాయి. నేను వరదల రోజుల్లో నరసాపురంలో మా అత్తయ్య వాళ్లింట్లో ఉండేదాన్ని. మీకూ అటువైపు ఎవరైనా ఉంటే ముందే మాట్లాడి పెట్టుకోండి.

ప్రాక్టికల్ రికార్డు ఎవరితోనో వేయించుకోవద్దు. మార్కుల కోసం కాదు నేననేది. బీడీఎస్ ఫస్టియర్‌లో హిస్టాలజీ (కణజాలాల పాఠం) రికార్డు ఉంటుంది, మైక్రోస్కోప్‌లో చూసింది గులాబీ, ఊదా పెన్సిళ్లతో గియ్యాలి, పక్కనే మైనంతో పన్ను చెక్కే ప్రాక్టికల్. ఇంటర్లో కాండం అడ్డుకోత సొంతంగా గీసినవాళ్ల చెయ్యి అక్కడ తడబడదు.

కటాఫ్ తగ్గుతుందిలే అని సీనియర్లు చెబితే నమ్ముకుని కూర్చోకు. 2020-21లో సీట్లు మిగిలిపోతే సుప్రీంకోర్టు బీడీఎస్ కటాఫ్‌ని 10 పర్సంటైల్ తగ్గించమన్న మాట నిజమే, కానీ క్వాలిఫై అవడం వేరు, కన్వీనర్ కోటాలో తక్కువ ఫీజు సీటు రావడం వేరు. ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు ఫీజెంతో నాన్నగారిని ఒకసారి కనుక్కోమను, 950 మాట ఆయనే వదిలేస్తారు.

మార్కుల పిచ్చి ఉంటే బీడీఎస్‌లో చేరాక చూపించు. మన వైపు ఇంటికొకరు అమెరికాలో ఉన్నారు కదా, రేపు నువ్వూ అటే వెళ్లి డెంటిస్టుగా చెయ్యాలనుకుంటే అక్కడి కాలేజీలు బీడీఎస్ మార్కుల్ని జీపీఏ కట్టి మరీ చూస్తాయి.

ఇక ఎంసెట్‌కి వేరే కోచింగ్ అక్కర్లేదు. దాంతో బీడీఎస్ రాదు, అగ్రికల్చర్‌కో ఫార్మసీకో పనికొస్తుంది. 160 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు, నీట్‌కి చదివిందే సరిపోతుంది. పరీక్షకి ముందు రెండు మూడు పాత పేపర్లు టైము పెట్టుకుని చేసుకో, ఆ కోచింగ్ డబ్బులు నాన్నగారి దగ్గరే ఉండనీ.