లెడ్ ఉండకట్టి రాలిపోతోందా? ముందు తీగను వేడెక్కనివ్వండి

మీ తీగ కొసకు నల్లటి పొర పట్టి ఉంటుంది. స్కూల్ ల్యాబ్‌లో చేపల చెరువు నీటిమట్టం అలారం చేస్తుంటే తీగను బోర్డుకు అతికించే లెడ్ (సోల్డర్) గోళీలా ఉండకట్టి రాలిపోతోందన్నారు కదా, అది దీని లక్షణమే. భీమవరం వైపు చెమ్మగాలికి ఒలిచి వదిలేసిన రాగి తీగ తొందరగా నల్లబడుతుంది.

1. తీగను కొత్తగా ఒలవండి, లేదా గరుకు కాగితంతో రాగి ఎర్రగా మెరిసేదాకా రుద్దండి.
2. సోల్డరింగ్ ఐరన్ వేడి కొసను (బిట్‌ను) తడి స్పాంజి మీద తుడిచి, వెంటనే కాస్త లెడ్ పూయండి.
3. తీగకు ఫ్లక్స్ (లెడ్ బాగా అంటుకునేలా చేసే పేస్ట్) రాయండి.
4. అందరూ తప్పేది ఇక్కడే. బిట్ మీద లెడ్ కరిగించి, ఆ చుక్కను తీగ మీద వేయకండి. బిట్‌ను తీగకూ బోర్డు మీది రాగికీ ఒకేసారి ఆనించి, రెండు మూడు సెకన్లు ఆగండి. తర్వాత లెడ్‌ను అవతలి వైపు నుంచి తీగకే తాకించండి. తీగ వేడికి కరిగితే నీళ్లలా పాకుతుంది.

60/40 లెడ్ (60 శాతం తగరం, 40 శాతం సీసం) 190 డిగ్రీల సెల్సియస్ దగ్గర పూర్తిగా కరిగిపోతుంది, కాబట్టి 25 వాట్ల ఐరన్ చాలు. కొత్తది కొనకండి.

తొమ్మిదో తరగతిలో నేనూ వారం పాటు చుక్కలే వేశాను. మా సార్ నా చేయి పట్టుకుని ఆ మూడు సెకన్లు ఆపించారు. అప్పుడు లెడ్ తీగ పోగుల్లోకి ఇంకడం కళ్లారా చూశాను. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

5. చల్లారేదాకా కదపకండి, ఊదకండి.

అతుకు మసకగా, ఉండలా ఉంటే ఫ్లక్స్ రాసి మళ్లీ వేడి చేయండి. లెడ్‌లో సీసం ఉంటుంది, పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.