కొత్త లెక్చరర్‌కు సీనియర్‌ను మెంటర్‌గా ఇస్తే నిజంగా ఉపయోగం ఉంటుందా?

యూనివర్సిటీలో ఈ సెమిస్టరే చేరాననీ, ఒక సీనియర్ ప్రొఫెసర్‌ను మెంటర్‌గా ఇచ్చారనీ, ఇదంతా ఉత్త తంతేనా అనీ అడిగారు. నాకు రెండు రకాలూ అనుభవమే.

నేను చేరినప్పుడు నాకు మెంటర్‌గా వేసింది మా హెడ్‌నే. మనిషి మంచివారే. కానీ ఏడాది చివర నా ప్రొబేషన్ రిపోర్టు రాసేది కూడా ఆయనే. "క్లాసులు ఎలా సాగుతున్నాయి?" అని అడిగితే "బాగానే ఉన్నాయి సార్" తప్ప ఇంకో మాట నా నోట వచ్చేది కాదు. అప్పటికి వెనక మూడు బెంచీల వాళ్లు ఫోన్లలో ఉండేవారు. ఒక చాప్టరైతే నాకే సరిగ్గా అర్థం కాక, రాత్రి ఒంటిగంట దాకా చదివి పొద్దున్నే అప్పజెప్పేవాణ్ని. రిపోర్టు రాసే మనిషి దగ్గర ఇవన్నీ ఎవరు ఒప్పుకుంటారు? ఆ ఏడాదిలో మేం కలిసింది మూడుసార్లు, మూడూ ఫారం మీద సంతకాల కోసమే.

రెండో ఏడాది వేరే డిపార్ట్‌మెంట్ మేడం ఒకరితో జత కుదిరింది. నాది స్టాటిస్టిక్స్, ఆవిడది చరిత్ర. ఈవిడ నాకేం చెబుతారులే అనుకున్నాను. "ముందు మీరు నా క్లాసుకు వచ్చి కూర్చోండి" అన్నారు. వెళ్లాను. ఆ రోజు ఆవిడ మొదలుపెట్టిన చర్చ పావుగంటకే చల్లారిపోయింది. బయటికి వచ్చాక "చూశారుగా, ఎక్కడ చెడిందంటారు?" అని నన్నే అడిగారు. 20 ఏళ్ల సర్వీసున్న మనిషి అలా అడిగేసరికి నా టెన్షన్ సగం దిగిపోయింది.

తర్వాతి వారం ఆవిడ నా క్లాసుకు వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. అయిపోయాక ఒక కాగితం చేతిలో పెట్టారు. 1, 1, 2, 1, 1 అని వరసగా అంకెలు. మార్కులేమో అని గుండె జారింది. తీరా చూస్తే, ప్రశ్న వేశాక జవాబు కోసం నేను ఆగిన సెకన్లు! మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలోనే దీన్ని పట్టుకున్నారట. టీచర్లు ప్రశ్న అడిగి ఒక్క సెకను ఆగడమే గొప్ప, కనీసం 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయి, మామూలుగా నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడతారు. అప్పటి నుంచి ప్రశ్న వేసి, చేతిలో డస్టర్ వైపు చూస్తూ మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేవాణ్ని. నిలబడి చూడండి, ఆ మూడో సెకను ఎంత పొడుగో తెలుస్తుంది.

వేరే సబ్జెక్టు మనిషి కావడం నాకు కలిసొచ్చింది. పాఠం తెలియదు కాబట్టి ఆవిడ చూపంతా చెప్పే తీరు మీదే ఉండేది. కొత్త అధ్యాపకుల మీద ఏళ్ల తరబడి పనిచేసిన రాబర్ట్ బాయిస్ కూడా, వేర్వేరు విభాగాల జతలు ఒకే విభాగం జతలకు ఏమీ తీసిపోవనీ, తరచూ, క్రమం తప్పకుండా కలవడమే ముఖ్యమనీ 1990ల మొదట్లోనే రాశారు. సిలబస్, పేపర్ సెట్టింగ్ లాంటివాటికి ఎలాగూ సొంత డిపార్ట్‌మెంట్‌లో ఎవరినో ఒకరిని అడగక తప్పదు.

తర్వాత నేనే మెంటర్నయ్యాను, అయ్యి ఒక తప్పు చేశాను. కొత్తగా వచ్చిన అమ్మాయి కష్టపడుతోందని నా స్లైడ్లు, నోట్సు మొత్తం ఇచ్చేశాను. క్లాసులో నా ఉదాహరణలు, చివరికి నా జోకులు కూడా చెప్పింది పాపం. ఒక విద్యార్థి స్లైడులో లేనిది అడిగితే ఆగిపోయింది. అది నా వల్లే. ఆ తర్వాత ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. "వచ్చే వారం క్లాసుల్లో ఏ పది నిమిషాలు తలుచుకుంటే భయంగా ఉంది?" అని అడిగి, దాని గురించే మాట్లాడేవాణ్ని.

మీరైతే మొదటి మీటింగ్‌లోనే రెండు విషయాలు తేల్చుకోండి. మీరు చెప్పేవి హెడ్ దాకా వెళ్తాయా లేదా? వారానికి ఒక 20 నిమిషాలు, ఏ రోజు, ఎన్నింటికి? "అవసరమైతే రండి" అన్నారంటే ఇక కలవరు, ఎందుకంటే అవసరమున్న వారమే మీకు మొహం చూపించబుద్ధి కాదు. ఒకవేళ మీ రిపోర్టు రాసేది ఆ ప్రొఫెసర్‌గారే అయితే, సంతకాలు ఆయన దగ్గరే కానివ్వండి. క్లాసు చూడటానికి మాత్రం ఇంకో డిపార్ట్‌మెంట్‌లో మీకు నచ్చిన సీనియర్‌ను వెతుక్కుని, "మీ క్లాసులో ఒకరోజు కూర్చోవచ్చా?" అని అడగండి.