సస్పెండ్ తర్వాత ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఎందుకు తెరుచుకోదు?

లినక్స్ ల్యాప్‌టాప్ సస్పెండ్ నుంచి లేచాక డ్రైవ్ ఫోల్డర్‌లో 'ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్' వస్తే, డ్రైవ్ పాడైందని కంగారుపడకండి. నిద్రలో యూఎస్‌బీ పోర్టుకు కరెంటు ఆగితే, లేచాక కెర్నల్ (లినక్స్ మూలభాగం) డ్రైవ్‌ను కొత్త పరికరంగా గుర్తించవచ్చు. అప్పుడు, ఉదాహరణకు, డ్రైవ్‌కు సిస్టం పెట్టిన పేరు ఎస్‌డీబీ (sdb) కాస్తా ఎస్‌డీసీ (sdc) అవుతుంది. పాత మౌంట్ (డ్రైవ్‌ను ఫోల్డర్‌కు కలిపిన లంకె) మాత్రం లేని ఎస్‌డీబీనే పట్టుకుని ఉంటుంది.

ఎల్‌ఎస్‌బీఎల్‌కే (lsblk) కమాండుతో కొత్త పేరు చూడండి. ఆ ఫోల్డర్ వాడుతున్న ప్రోగ్రాములన్నీ మూసి, సుడోతో (sudo, అడ్మిన్ అధికారంతో) ఆ ఫోల్డర్‌ను యూమౌంట్ (umount) చేయండి, అంటే ఆ లంకె తెంపండి. 'బిజీ' అని వస్తే ఆ కమాండుకు మైనస్ ఎల్ (-l) చేర్చండి. డ్రైవ్ ఫైల్‌సిస్టం ఈఎక్స్‌టీ4 (ext4) అయితే మళ్లీ మౌంట్ చేసేముందు, కొత్త పేరుతో కనిపించే పార్టిషన్ మీద దాన్ని తనిఖీ చేసే ఎఫ్‌ఎస్‌సీకే (fsck) నడపడం మంచిది. మౌంటై ఉన్న పార్టిషన్ మీద మాత్రం ఎప్పుడూ నడపకండి, డేటా చెడిపోవచ్చు.

అసలు డ్రైవే కనిపించకపోతే కేబుల్ తీసి పెట్టి, కెర్నల్ సందేశాలు చూపే dmesg కమాండు చివరి వరుసలు చదవండి. మౌంట్ వివరాలుండే ఎఫ్‌స్టాబ్ (/etc/fstab) ఫైల్‌లో ఈ డ్రైవ్ ఉంటే, మారిపోయే ఎస్‌డీబీ1 (sdb1) పేరు బదులు మారని గుర్తింపు సంఖ్య అయిన యూయూఐడీ (UUID) రాసి, డ్రైవ్ లేకపోయినా బూట్ ఆగకుండా నోఫెయిల్ (nofail) చేర్చండి.