మూడు రోజులు చేతిలో ఉంటే: కోటా, కోనసీమా, కడలా?

ప్రశ్న: జనవరి చివర్లో శని, ఆది, సోమ మూడు రోజులు సెలవులు కలిసొచ్చాయి. మేమిద్దరం, పన్నెండేళ్ల బాబు, ఏడేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు. మావారు హంపి అంటున్నారు, నాకు కోనసీమ మీద మనసు, పిల్లలకు సముద్రం కావాలి. ఏది నయం?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కోనసీమకే వెళ్లండి. చిన్న సెలవుల్లో కిలోమీటర్ల కన్నా పగటి గంటలు లెక్కపెట్టుకోవాలి. హంపి కారులో 370 కిలోమీటర్ల పైమాటే, దారిలో భోజనం, టీలు కలుపుకుంటే ఎనిమిది గంటలు. శనివారం సాయంత్రానికి చేరి సోమవారం పొద్దున్నే తిరుగుముఖం పడితే మీకు దక్కేది ఆదివారం ఒక్కటే. ఆ ఒక్కరోజూ అత్తగారికి కష్టమే. విఠలాలయానికి దాదాపు కిలోమీటరు ఇవతలే వాహనాలు ఆపేస్తారు. అక్కణ్నుంచి బ్యాటరీ బండి ఉంటుంది కానీ సెలవుల్లో దానికి పెద్ద క్యూ. దిగాక రాతి మెట్లు, ఎగుడుదిగుడు బండలు. నాలుగు రోజులు దొరికి, అందరూ నడవగలిగినప్పుడు హంపి పెట్టుకోండి. అప్పుడు శుక్రవారం మాత్రం కమలాపురం మ్యూజియం మూసి ఉంటుందని గుర్తుంచుకోండి.

కోనసీమకు చాలామంది రాజమండ్రిలో దిగి గంటన్నరకు పైగా రోడ్డు మీదే ఉంటారు. మీరు శుక్రవారం రాత్రి నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కి పాలకొల్లులో దిగండి. చించినాడ వంతెన దాటితే దిండి వచ్చేస్తుంది. దిండిలోనే రెండు రాత్రులు ఉండండి. రోజుకో ఊళ్లో గది తీసుకుంటే సామాన్లు సర్దడానికే పూటలు పోతాయి.

రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు. ఇక్కడ చాలామందికి తెలియని చిక్కొకటి ఉంది. పెద్దవాళ్ల కింది బెర్తు కోటా వర్తించాలంటే ఆ టికెట్ మీద ఒక్కరో ఇద్దరో మాత్రమే ఉండాలి, ఇద్దరైతే ఇద్దరికీ అర్హత ఉండాలి: మగవారికి 60, ఆడవారికి 45 ఏళ్లు. ఐదుగురికీ కలిపి ఒకే టికెట్ తీస్తే ఆ కోటా పనిచేయదు, అత్తగారికి పై బెర్తు వచ్చినా రావచ్చు. మీకు 45 నిండి ఉంటే మీకూ అత్తగారికీ కలిపి ఒక టికెట్, మిగతా ముగ్గురికి ఇంకొకటి తీయండి. బోగీలు వేరుపడే అవకాశం ఉంది, దానికి సిద్ధపడండి.

మొదటిరోజు పాలకొల్లులో క్షీరారామం దర్శనం చేసుకుని దిండి చేరండి, మధ్యాహ్నం విశ్రాంతి. హౌస్‌బోటు తీసుకుంటే డబ్బు కట్టకముందే నాలుగు సంగతులు అడగండి: నదిలో ఎన్ని గంటలు తిప్పుతారు, రాత్రి ఎక్కడ కట్టేస్తారు, ఏసీ ఎన్ని గంటల నుంచి వేస్తారు, ఏడేళ్ల పిల్లకు సరిపోయే లైఫ్ జాకెట్ ఉందా. పెద్దవాళ్ల జాకెట్ చిన్నపిల్లకు తొడిగితే నీళ్లలో తల మీదుగా జారిపోతుంది. నాలుగో దానికి జవాబు సరిగా రాకపోతే ఆ బోటు వద్దు.

రెండోరోజు అంతర్వేది. లక్ష్మీనరసింహస్వామి గుడి, ఆ తర్వాత వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు. పిల్లల సముద్రం కోరిక ఇక్కడ సగమే తీరుతుంది. నది ముఖద్వారం దగ్గర అడుగున ఇసుక కదులుతూ ఉంటుంది, ప్రవాహం ఎటు లాగుతుందో తెలియదు. పాదాలు తడుపుకోవడం వరకే. ఇంకో సంగతి, మాఘంలో రథసప్తమి నుంచి అక్కడ ఉత్సవాలు మొదలై భీష్మ ఏకాదశికి రథోత్సవం జరుగుతుంది. మీ తేదీలు వాటితో కలిస్తే కారు గుడి దాకా వెళ్లదు. పంచాంగం చూసుకున్నాకే టికెట్లు తీయండి.

మూడోరోజు రావులపాలెం మీదుగా ఆత్రేయపురం చూసి, రాజమండ్రిలో రాత్రి రైలెక్కండి. ఆత్రేయపురంలో పూతరేకులు కొనేసి వచ్చేయకండి, చేసే ఇంటి ముందు కాసేపు నిలబడండి. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ. ఆ గుడ్డను కుండ మీద ఒక్కసారి పరిచి లాగితే క్షణంలో కాగితం కన్నా పల్చటి రేకు లేస్తుంది. మీ పాపకు మూడు రోజుల్లో బాగా గుర్తుండేది ఇదే కావచ్చు. డబ్బా సామాన్ల అడుగున పెట్టకండి, పొడైపోతుంది.

ప్రశ్న: కాలేజీ స్నేహితులం ఆరుగురం నవంబరులో సూర్యలంక వెళ్దామనుకుంటున్నాం. ఇంట్లో భయపడుతున్నారు. ఆ భయంలో నిజముందా?
– ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: ఉంది. అలా అని మానుకోనక్కర్లేదు. ఒడ్డుకొచ్చిన అలల నీరు తిరిగి లోపలికి పోవడానికి సన్నటి దారి చేసుకుంటుంది. అలలు విరిగే తెల్లటి నురగ మధ్య ఎక్కడైనా నీరు ప్రశాంతంగా, కాస్త మట్టిరంగులో కనిపిస్తే అదే ఆ దారి. చాలామంది అలలు తక్కువున్నాయని అక్కడే దిగుతారు. అందులో పడి ఒడ్డుకు ఎదురీదినవాళ్లు అలసిపోయి మునుగుతారు. అలా లాగితే ఎదురీదకండి. తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ పాయలోంచి బయటపడి, అప్పుడు అలలతో పాటు ఒడ్డుకు రండి. ఈత రానివాళ్లు మోకాలి లోతు దాటొద్దు. తాగినవాళ్లు అసలు దిగొద్దు. పడ్డవాణ్ని కాపాడటానికి చెయ్యీ చెయ్యీ పట్టుకుని గొలుసులా వెళ్లడం ఇంకా ప్రమాదం, ఖాళీ నీళ్ల డబ్బా గానీ తాడు గానీ విసిరి, కేకలేసి గస్తీవాళ్లను పిలవండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపానుల కాలం. అల్పపీడనం అన్న మాట వినపడితే వాతావరణ శాఖ హెచ్చరిక చూడండి. ఆకాశం తేటగా ఉన్నా సముద్రం ముందే పోటెత్తుతుంది. అటువంటప్పుడు బీచ్ మూసేస్తారు కూడా. ఆ పూట వృథా పోనివ్వకండి. బాపట్లలో భావనారాయణస్వామి గుడి ఉంది, అదే జిల్లాలో క్రీస్తుపూర్వపు ధాతుకరండాలు, అంటే అస్థికలు భద్రపరిచిన పేటికలు, దొరికిన భట్టిప్రోలు స్తూపం ఉంది. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానాల జనం విపరీతం, ఆ రోజు తప్పించండి.

ప్రశ్న: జులైలో అమెరికా నుంచి పిల్లలతో వస్తున్నాం. పాపికొండలు, కోనసీమ చూపించాలని ఉంది.
– ఓ పాఠకుడు, డల్లాస్

జవాబు: జులై, ఆగస్టుల్లో గోదావరి మీద ఆశ పెట్టుకోకండి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ నీరంతా తర్వాత దిగువకే వస్తుంది. బోట్లు ఆపేస్తారు, లంకలకు వెళ్లే కాజ్‌వేలు మునుగుతాయి. టికెట్ డబ్బు తిరిగొస్తుందేమో గానీ రోజు తిరిగిరాదు.

బదులుగా వరంగల్ పెట్టుకోండి. హైదరాబాద్ నుంచి 145 కిలోమీటర్లు. మొదటిరోజు 1163 నాటి వేయిస్తంభాల గుడి, సాయంత్రం కోటలో నాలుగు కీర్తి తోరణాలు. రెండోరోజు తెల్లవారుజామునే పాలంపేట రామప్ప గుడికి బయల్దేరండి, 70 కిలోమీటర్లు ఉంటుంది. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గుడి ఎర్రటి ఇసుకరాయి, చూరు కింద మదనికల బొమ్మలు, అంటే నాట్యభంగిమల్లోని స్త్రీమూర్తులు మాత్రం గట్టి నల్లరాయి. ఎనిమిది వందల ఏళ్ల తర్వాతా ఆ రాతి నునుపు తగ్గలేదు. బొమ్మ మెళ్లో హారం కింద పడే సన్నటి నీడ దాకా పిల్లలకు చూపించండి. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. చెప్పులు బయటే విడవాలి, వానకు తడిసిన రాయి జారుతుంది, మేజోళ్లతో అస్సలు నడవొద్దు.

బొగత జలపాతం కూడా కలుపుదామని ఎవరైనా అంటే ఆగండి. జులై చివర్లో ములుగు జిల్లాలో వాగులు పొంగి దారులు తెగిన సందర్భాలున్నాయి. ముందురోజు భారీవాన పడితే మానేయండి.

పిల్లలకు ఓసీఐ కార్డులుంటే (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివారికి ఇచ్చేవి) అసలు కార్డులే వెంట ఉంచుకోండి, ఫొటో చూపిస్తే ఒప్పుకోకపోవచ్చు. పురావస్తు శాఖ టికెట్ పెట్టిన చోట ఓసీఐ వారికీ భారతీయుల రుసుమే. పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్టే లేదు, వయసు అడిగితే పాస్‌పోర్టు చూపించవచ్చు.